పొలిమేర దాటిన గౌను

బావ పంపిన ఫోటో వచ్చేసరికి నేను క్లినిక్‌లో టోకెన్లు పిలుస్తున్నాను. సీతమ్మధారలో ఒక పిల్లల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. సోమవారం పొద్దున్న అక్కడ కాలు పెట్టే సందుండదు. ఏడ్చే పిల్లలు, ఏడవబోయే పిల్లలు, మా నంబరు దాటించేశావని నా మీద ఎగిరే తల్లులు. ఆ గోలలో ఫోను టింగుమంది. మా మేనత్త కొడుకు. ఆయన పంపేవి మామూలుగా గుడ్ మార్నింగ్ పువ్వులూ, కాలనీ సంఘం మీటింగు ఫోటోలూ. తెరవకుండా వదిలేద్దును. కానీ కింద ‘మన ఊరి అమ్మోరి బండి మ్యూజియంలో పెట్టారు, అందర్నీ పిలిచారు, మా అమ్మకి సన్మానం’ అని ఉంది.

తెరిచి చూశాను. గాజు వెనక, పైనుంచి లైటు పడుతూ, మోకాలెత్తు కొయ్యబండి. దాని మీద కూర్చున్న అమ్మవారు. ఒంటి మీద జాజు రంగు వెలిసిపోయినా కళ్ళు మాత్రం వెలవలేదు, అప్పట్లాగే గుడ్లురిమి చూస్తున్నాయి. పక్కన కత్తి పట్టుకున్న పోతురాజు. ముందు ఎడ్ల జత. అన్నీ మా ఊరి వడ్రంగి అంకుడు కర్రతో చెక్కినవి. చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి ఒక్క క్షణం సంతోషించాను కూడా, అబద్ధమెందుకు. అప్పుడు అమ్మవారి వెనక నిలబెట్టిన కర్రకి ఏదో గుడ్డ వేలాడుతోందని వేళ్ళతో బొమ్మని పెద్దది చేశాను. నీలం గౌను. తెల్ల చుక్కలు, బుట్టచేతులు. ఎదురుగా ఒకావిడ “మా పాపది ఎన్నో నంబరండీ” అని అడుగుతోంది. నోటికొచ్చిన నంబరేదో చెప్పేశాను.

ఆ గౌను మా వదినది.

వదినంటే పెద్దమనిషి అనుకునేరు. అత్త కూతురు. నాకంటే నాలుగైదు నెలలు పెద్దదేమో, అంతే. అయినా వదినా అని పిలవకపోతే ఆటలోకి రానిచ్చేది కాదు. ఏడేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ ఊడినా పెత్తనం మాత్రం తగ్గేది కాదు. అత్త అనకాపల్లి నుంచి తెచ్చిన ఒకే గుడ్డలోంచి మా ఇద్దరికీ గౌన్లు కుట్టింది. ఒకేలాంటి గౌన్లేసుకుని వీధిలో తిరుగుతుంటే మేమేదో పెద్ద ఉద్యోగాలు చేస్తున్నట్టు ఉండేది మాకు. నా గౌను బిగుతై, చిరిగి, చివరికి మా అమ్మ చేతిలో మసిగుడ్డయింది. వదిన గౌనుకి ఆ యోగం లేకపోయింది. ఆ ఏడు ఊళ్ళో తట్టు వచ్చింది. పిల్లలున్న ఇళ్ళన్నిట్లో వేపమండలు వేలాడాయి. చాలామంది లేచి తిరిగారు. వదిన లేవలేదు.

తట్టు, మశూచి, కలరా, ఏదొచ్చినా మా వైపు అమ్మవారు వచ్చిందనే అంటారు. వచ్చినమ్మకి సంబరం చేసి, కడుపునిండా పెట్టి, పంపించెయ్యాలి. పంపడాన్ని అనుపు అంటారు. వడ్రంగి బండి చెక్కుతాడు, అమ్మవారిని చెక్కి ఎక్కిస్తాడు, కళ్ళు ఆఖర్న దిద్దుతాడు. ఇంటింటి ముందూ బండి ఆగుతుంది. అరిగిన చీపురు, చిల్లుపడ్డ చేట, రోగిష్టివాళ్ళ గుడ్డముక్క, ఎవరింట్లోంచి ఏది పోవాలో అది బండిలో వేస్తారు. డప్పుల మధ్య బండిని పొలిమేర దాటించి వదిలేస్తారు. అక్కడ నిమ్మకాయ కోసి అందరూ వెనక్కి తిరుగుతారు. తిరిగి చూడకూడదు. ఊళ్ళోకి వచ్చేముందు పసుపునీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. మూడు రోజులు ఆ దారిన ఎవరూ పోకూడదు. ఆ తర్వాత ఆ బండిని ఎండ తినాలి, వాన తినాలి, చెదలు తినాలి. అది మట్టిలో కలిసిపోతేనే రోగం పోయినట్టు. మా వడ్రంగి అంత శ్రద్ధగా పోతురాజు మీసాలు చెక్కింది అవి పుచ్చిపోవడానికే, అందులో ఆయనకేమీ బాధ లేదు. బాధంతా తర్వాతివాళ్ళకి వచ్చింది.

ఆ ఏటి అనుపులో అత్త తన చేతులతో పిల్ల గౌను తెచ్చి బండి కర్రకి కట్టిందని ఊరంతా చెప్పుకుంది. నేను మా అమ్మ నడుము పట్టుకుని వెనక నడిచాను, గౌను గాలికి ఊగడం చూశాను. కట్టడం చూడలేదు. పొలిమేర దగ్గర తిరిగి చూడబోతే మా అమ్మ నా తల పట్టుకుని తిప్పేసింది.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. మూడో రోజు గడిచాక పొలానికి వెళ్ళిన వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పొలిమేరలో బండి లేదు. అంతకుముందు ఏ అనుపులోనూ అలా జరగలేదు. పెద్దలు వెళ్ళి చూశారు. ఇసకలో చక్రాల జాడ ఉంది, మెయిన్ రోడ్డు దాకా పోయి అక్కడ మాయమైంది. ఆ జాడ మా బుల్లి బండి చక్రాలకి నాలుగింతలు వెడల్పుంది. ఎవరో ఆ మాట అన్నారు కూడా. దానికి ఊరి పెద్ద ఒకాయన “అమ్మోరు ఎక్కితే బండి పెద్దదవదేటి?” అన్నాడు. అంతే, తిరుగులేదు. అమ్మవారు తనంతట తను బండి తోలుకుని వెళ్ళిపోయింది. అంత సంతోషంగా ఏ ఊరి నుంచీ వెళ్ళలేదు. ఆ టైరు గుర్తుల మీద మా వాళ్ళు పసుపు చల్లి కొబ్బరికాయ కొట్టారు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. కానీ ఆ మాట ఒక్కటే అత్తని నిలబెట్టిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అన్నం మానేసిన మనిషి ఆ తర్వాత లేచి తిన్నది. పనికి పోయింది. ఎవరైనా పలకరిస్తే “మా గుంట అమ్మోరి బండిలో ఉన్నాది, దానికేటి” అనేది కూతుర్ని తలుచుకుని. ఏ ఊరి సంబరానికి వెళ్ళినా అదే మాట. ఊరు సెజ్‌కి పోయి, అందర్నీ అచ్యుతాపురం అవతల పునరావాస కాలనీలో వరసగా పోసిన సిమెంటు ఇళ్ళల్లోకి మార్చినప్పుడు కూడా, మిగతావాళ్ళు గుండెలు బాదుకుంటుంటే ఆవిడ పెట్టె సర్దుకుని నడిచింది. బండి వదిలిన పొలిమేరలో ఇప్పుడో కంపెనీ గేటుంది. మా బావ ఆ గేటు దగ్గరే సెక్యూరిటీ సూపర్‌వైజరు. తను కాపలా కాసే చోటు ఏమిటో ఆయనకి పట్టదు.

ఆ బండిని తీసుకెళ్ళింది ఏ జీపో అయ్యుంటుందని అత్తకి తెలిస్తే? ఆ గౌను నలభై ఏళ్ళుగా ఎవరి ఇంట్లోనో షోకేసులో ఉందని తెలిస్తే? ఆ రోజంతా నాకు అదే. టోకెన్లు తప్పు పిలిచాను, తిట్లు తిన్నాను. డెబ్బై దాటిన ఆ మనిషి తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు.

మర్నాడు సెలవు పెట్టి మ్యూజియానికి వెళ్ళాను. వన్ టౌన్‌లో, పోర్టు వైపు, పాత గోడౌన్ ఒకటి సెజ్ కంపెనీల డబ్బుతో నడిచే ఏదో ట్రస్టు వాళ్ళు బాగుచేసి మ్యూజియం చేశారు. ఇంకా తెరవలేదు. లోపల పెయింటు వాసన. రెండు వరసల గాజు పెట్టెలు. గుడి తలుపుల మీంచి ఊడదీసిన చెక్కడాలు, రెక్క విరిగిన గరుడ వాహనం, ఏజెన్సీ నుంచి తెచ్చిన కొయ్య ముఖాలు, ఊరేగింపు పల్లకీ కొమ్ములు. అన్నీ తుడిచి, శుభ్రంగా, ఒక్క పసుపు మరక కూడా లేకుండా. ఒక్కొక్కదాని మీదా ఎంతమంది చేతులు పడి ఉంటాయి, ఎంత నూనె ఇంకి ఉంటుంది. ఇప్పుడు ‘ముట్టుకోరాదు’. నాకు ఆసుపత్రి ఐసీయూలో పడుకోబెట్టినవాళ్ళని అద్దంలోంచి చూస్తున్నట్టు అనిపించింది.

అక్కడి క్యురేటరు చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. మెడలో ఐడీ కార్డు, చేనేత చీర. నేను ఫలానా ఊరిదాన్నని చెప్పగానే మొహం వెలిగిపోయింది.

“మీరు ఆ ఊరివాళ్ళా! రండి మేడమ్. మా గ్యాలరీకి ఇదే ముఖ్యమైన వస్తువు. ఇలాంటి బండి ఇంకెక్కడా పూర్తిగా మిగల్లేదండీ. అనుపు అయ్యాక ఎండకీ వానకీ అన్నీ పాడైపోతాయి.”

“పాడవ్వాలనే కదండీ పెడతాం,” అన్నాను.

“అదే కదా మేడమ్ బాధ.”

“బాధ ఎవరికి? మాకు లేదే. పాడవ్వకపోతేనే మాకు బాధ.”

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఒక లెక్చరరుగారు ఊళ్ళు తిరిగి ఇలాంటివి సేకరించేవారట. ఆయన పోయాక పిల్లలు మ్యూజియానికి ఇచ్చేశారట. ఊరి బయట దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంటే ఆయన చూసి, జాలిపడి, జీపులో వేసుకొచ్చారట. లేకపోతే ఈపాటికి చెదలు తినేసేవట.

దిక్కూ మొక్కూ లేకుండానా? ఊరు ఊరంతా కాళ్ళకి చెప్పుల్లేకుండా నడిచి, డప్పులు కొట్టి, ఏడ్చి, దణ్ణం పెట్టి వదిలిన బండి. మూడు రోజులు ఆ దారి మనిషి తొక్కకుండా ఆగిన బండి. దాన్ని ఆ మూడు రోజుల్లోనే ఎత్తుకుపోయి, నలభై ఏళ్ళ తర్వాత ‘కాపాడాం’ అంటే నాకు ఎలా ఉంటుంది? ఎవరి ఇంటి ముందైనా చెప్పులు కనిపిస్తే దిక్కులేనివని పట్టుకుపోతారా? అక్కడ ఎవరూ లేరంటే అర్థం, అక్కడ ఎవరూ ఉండకూడదని. ఊళ్ళోకి వచ్చి ఒక్క మనిషిని అడిగితే చెప్పేవాళ్ళు. అడగలేదు. అడిగితే ఇవ్వరని ఆయనకి తెలుసో, అడగాలనే తోచలేదో. ఏదైనా నాకు ఒకటే. ఇదంతా అక్కడ నిలబడి అనేశాను. నా గొంతుకి గోడౌన్ అంతా మారుమోగింది. నిచ్చెన మీద లైట్లు బిగిస్తున్న అతను దిగి వచ్చి చూశాడు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

“లెక్చరరుగారు మంచి ఉద్దేశంతోనే చేశారండీ,” అంది మెల్లగా.

“ఉద్దేశం ఆయన దగ్గరే ఉంచుకోమనండి. ఆ గౌను ఎవరిదో తెలుసా మీకు?”

గాజుకి అతికించిన అట్టముక్క మీద ‘బండి అలంకరణకు వాడిన వస్త్రం’ అని ఉంది. ఏడేళ్ళ పిల్ల గౌనండీ అని చెప్పాను. తట్టుతో పోయిందని చెప్పాను. తల్లి ఇంకా ఉందనీ, మీరు శాలువా కప్పి సన్మానం చెయ్యబోయే ముసలావిడ ఆవిడేననీ చెప్పాను. అంతవరకూ మేడమ్ మేడమ్ అంటున్న పిల్ల అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

“నాకు తెలీదండీ,” అంది. “నన్నేం చెయ్యమంటారు?”

బండిని తీసేయమన్నాను. పారెయ్యమన్నాను. అది తన చేతిలో లేదంది, కమిటీ ఉందంది, ఓపెనింగ్ ఆదివారమే అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పిల్లకి. నాకు జాలేసి, ఆ జాలి మీద మళ్ళీ కోపం వచ్చింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. గౌను ఒక్కటి తీసి లోపల స్టోరులో పెట్టేస్తుంది. బండి మాత్రం ఉంటుంది. బండి చూసి అత్త ఏమనుకున్నా, ఇంకో ఏడు చేసిన బండి అని నేను సర్ది చెప్పుకుంటాను. గౌను కనిపించకపోతే చాలు.

“ఆవిడకి మాత్రం తెలియకూడదు,” అన్నాను.

“తెలియదండీ,” అని మాటిచ్చింది.

ఏదో గెలిచినట్టు బయటికొచ్చాను. జెట్టీ వైపు నుంచి చేపల వాసన. ఆటోలో కూర్చుని, ఆ లెక్చరరు బతికుంటే ఏమనేదాన్నో అవన్నీ మనసులో వరసగా అనుకుంటూ సీతమ్మధార చేరాను.

బావకి గౌను సంగతి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. చెల్లెలి గౌను ఆయనకి గుర్తు లేదని ఫోటో పంపినప్పుడే తెలిసింది. అప్పటికి తొమ్మిదేళ్ళ మగపిల్లాడు, గౌన్ల సంగతి ఏం గుర్తుంటుంది. అయినా అత్తని తీసుకురాకుండా ఆపుదామని ఫోను చేశాను. ఎండలో అంత దూరం ఎందుకు, ఓపిక ఉండదు కదా అన్నాను.

“ఏటే మరదలా, సన్మానం ఒద్దంటావేటి?” అన్నాడు. “పెద్ద పెద్దోల్లు వత్తన్నారు. టీవీవోల్లు వత్తన్నారు. మన కాలనీకి రోడ్డు అడగడానికి ఇంతకంటే మంచి టైమ్ దొరుకుతాదా? అమ్మని ముందు సీట్లో కూకోబెట్టి ఏసీ బస్సులో తెత్తాను, నువ్వు టెన్సన్ పడకు.”

ఆ కాలనీకి ఇంకా రోడ్డు రాలేదు, నీళ్ళు వారానికో రోజు వస్తాయి. అడగద్దని ఎలా అంటాను? ఊరిని తీసుకున్నవాళ్ళు ఊరి బండిని గాజు పెట్టెలో పెట్టి, దాన్ని చూడ్డానికి ఊరివాళ్ళని పిలిస్తే, ఊరివాళ్ళు రోడ్డు దొరుకుతుందని బట్టలు ఇస్త్రీ చేసుకుని బయల్దేరుతున్నారు. ఇందులో ఎవర్ని కొట్టాలి?

ఆదివారం నేను ముందే వెళ్ళి గాజు పెట్టె చూసుకున్నాను. కర్ర ఖాళీగా ఉంది. అట్టముక్క కూడా తీసేశారు. క్యురేటరు అమ్మాయి దూరం నుంచి తలూపింది. హమ్మయ్య అనుకుని గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాను. బస్సు వచ్చింది.

బస్సు ముందు అద్దం కింద ఫ్లెక్సీ కట్టారు. పైన వరసగా నాయకుల తలకాయలు, ఒక మూల నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దణ్ణం పెడుతూ మా బావ, మధ్యలో అమ్మవారి బండి. నాకు పంపిన ఆ ఫోటోనే. దాన్ని పెద్దది చేయించి, రంగులు పెంచి కొట్టించాడు. నలభై ఏళ్ళ కిందటి గౌను కొత్తదానిలా నీలంగా, పెద్ద మనిషి వేసుకునేంత పెద్దగా ఉంది. చెల్లెలి గౌను పక్కన పళ్ళికిలిస్తూ అన్న. ఆ క్షణాన ఆయన దగ్గరికి వెళ్ళి ఆ కళ్ళద్దాలు లాగి తొక్కేద్దామనిపించింది. వెళ్ళేలోపు అత్త దిగింది.

చిన్న అంచున్న తెల్ల చీర, నున్నగా దువ్విన తల. నన్ను చూసి “వచ్చినావా అమ్మీ” అంది, అంతే. చెయ్యి పట్టుకుంటే ఎప్పట్లా చల్లగా ఉంది. ఫ్లెక్సీ చూసిందా? ముందు రాత్రే కాలనీ ఆర్చికి అదే ఫ్లెక్సీ కట్టారని తర్వాత తెలిసింది. ఆవిడ మొహం చూస్తే నాకేమీ తెలియలేదు. కళ్ళకి ఆపరేషన్ అయిన మనిషి, ఆనలేదేమోనని ఆశపడ్డాను.

లోపల ఉపన్యాసాలు. మన సంస్కృతి, మన వారసత్వం, భావితరాలు. సెజ్ కోసం రెండు వేల మందిని ఊరి నుంచి ఊడ్చేసిన నోళ్ళే అవి. శాలువా కప్పారు, బొకే ఇచ్చారు, కెమెరాలు మెరిశాయి. బావ రోడ్డు మాట ఎత్తగానే చేతిలోంచి మైకు లాగేసుకున్నారు. అత్త శాలువాతోనే లేచి, ఎవరినీ అడక్కుండా నేరుగా బండి దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. గాజుకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి అమ్మవారిని చూసింది, పోతురాజుని చూసింది. ఖాళీ కర్రని చూసింది. అక్కడ ఆగింది.

“గౌనేది?” అంది.

 క్యురేటరు అమ్మాయి నా వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది, కానీ చూసింది.

“దానికేసి సూత్తావేటమ్మా? గౌనేదని నిన్ను అడుగుతన్నాను. ఆ బస్సు మీది బొమ్మలో ఉన్నాది, ఇక్కడ నేదు.”

“అత్తా,” అన్నాను, “నేనే తీయించాను. నువ్వు బాధపడతావని.”

అత్త నా వైపు తిరిగింది. నా జన్మలో ఆవిడ నాతో గొంతు పెంచి మాట్లాడలేదు. అప్పుడూ పెంచలేదు.

“నాను బాధపడతానో నేదో నువ్వు తేల్సీసినావా?”

“అది కాదత్తా. అమ్మోరే తీసుకెళ్ళిందని నమ్మావు కదా. ఎవడో జీపులో వేసుకుపోయాడని తెలిస్తే...”

“జీపోడు ఎత్తుకెల్తే నాకేటి, అమ్మోరు ఎత్తుకెల్తే నాకేటి? నాను ఇచ్చినానా దాన్ని? మీ నాన్న ఒట్టుకుపోనాడు. నా తలగడ కింద పెట్టుకున్నాను. దాన్ని వాసన సూసుకుంటా పడుకుంతన్నానని, అన్నం తింతన్నేదని, ఇంట్లో అందరూ మాటాడీసుకున్నారు. నాకు కునుకు పట్టినాది, లేచి సూద్దును కదా, గౌను నేదు. బాధపడతావని సెప్పనేదు అన్నాడు మీ నాన్న. నీ సేత్తో నువ్వే కట్టినావని ఊరికి సెప్పినాం, నువ్వూ అలగే సెప్పు అన్నాడు. అలగే సెప్పినాను. ఇన్నేల్లూ అదే సెప్పినాను. ఇప్పుడు నువ్వూ అదే మాట.”

నాకు తల మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టయింది. వారం రోజులుగా జీపు మీద కోపం, లెక్చరరు మీద కోపం, మ్యూజియం మీద, బావ మీద, ఫ్లెక్సీ మీద కోపం. ఇప్పుడు మా నాన్న మీద వచ్చింది, పోయినవాడని కూడా చూడకుండా. చెల్లెలి మంచి కోసం చేశాడు. లెక్చరరూ మంచికే చేశాడు. నేనూ మంచికే చేశాను. ఒక్కరం కూడా ఆవిడని అడగలేదు. 

క్యురేటరు అమ్మాయి మాత్రం కదిలింది. లోపలికి పరిగెత్తి అట్టపెట్టె తెచ్చింది. పల్చటి తెల్ల కాగితాల మధ్య గౌను. దగ్గరగా చూస్తే ఎంత చిన్నదో. అత్తకి తెల్ల గ్లౌజులు అందించబోయి, ఆవిడ మొహం చూసి తనే వెనక్కి తీసుకుంది. అత్త గౌను తీసి, తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మందు వాసన,” అంది.

పురుగు పట్టకుండా కొట్టిన మందు వాసన. ఇంకేమీ మిగల్లేదు దాంట్లో. ఆ మాటకి క్యురేటరు అమ్మాయి ఏడ్చింది. అత్త ఏడవలేదు.

అప్పటికి కాలనీవాళ్ళంతా చుట్టూ చేరారు. విషయం తెలిసింది. ఇక చూడండి. బావ కళ్ళద్దాలు తీసేసి, అమ్మా నాకు గురుతులేదే, నాకు తెలీదే అంటూనే, దాన్ని సముద్రంలో కలిపేద్దాం, మళ్ళీ అనుపు చేద్దాం అన్నాడు. పొలిమేర దాటించింది మళ్ళీ ఇంట్లోకి రాకూడదు, కాలనీలో పిల్లలున్నారు అంది వెనకనుంచి ఒకావిడ. ట్రస్టు పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఇది మ్యూజియం వస్తువు, కమిటీలో పెట్టకుండా ఇవ్వడానికి లేదు, కావాలంటే కొత్త లేబుల్‌తో మళ్ళీ పెట్టెలో పెడదాం, పాప పేరు కూడా రాద్దాం అన్నాడు. కాల్చెయ్యాలన్నారొకరు. గుళ్ళో ఇవ్వాలన్నారొకరు. నేను నోరు తెరిచాను. గౌను ఆవిడకి ఇచ్చి తీరాలని అరవబోయాను. అందరం ఆవిడ తల మీదుగా మాట్లాడుకుంటున్నాం.

అత్త కుర్చీ లాక్కుని గాజు పెట్టె పక్కన కూర్చుంది. గౌను ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో మడతలు సాపు చేసింది. శాలువా జారి కింద పడితే తీసుకోలేదు.

“నా గుంటని బూడ్చడానికి తీసికెల్తన్నప్పుడు ఆడోల్లు రాకూడదని నన్ను గుమ్మంలో ఆపీసినారు,” అంది. “గౌను తీసికెల్తన్నప్పుడు నాను నిద్దర్లో ఉన్నాను. మొన్న తీసినప్పుడు నాను ఇంటికాడున్నాను. ఇప్పుడు నాను ఇక్కడే ఉన్నాను. కూకోండి అందరూ. ఏటి సేత్తారో నా ముందు సెప్పండి, నా ముందు సెయ్యండి.”